ఉక్కు మనది, ఆకురాయి ఎవరిది?

తెలుగులో ఫైల్‌ని ఆకురాయి అంటాం. ఇనుమును అరగదీసి నునుపు చేసే, కొలతకు తెచ్చే పనిముట్టు. పేరులో రాయి ఉన్నా వస్తువు మాత్రం గట్టి ఉక్కు. హైదరాబాదు వర్క్‌షాపుల్లో దీన్ని రేతీ అంటారు. ఐ.టి.ఐ. చదివినవాళ్ళు ఫైల్ అనే అంటారు. ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఫైలంటే కంప్యూటర్లో ఉండేదో, సర్కారు ఆఫీసులో కదలకుండా పడి ఉండేదో అయివుంటుంది. అందుకే పాత మాటతో మొదలుపెట్టాను.

ఇంకో పాత మాట ఉక్కు. మన నోట్లో ఇంత మామూలుగా నలిగే ఈ మాట పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లీషు వాళ్ళ కాగితాల్లోకి ఎక్కి ‘వూట్జ్’ అయింది. తెలుగు, కన్నడ భాషల్లోని ఉక్కు నుంచే ఆ మాట వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. వినడంలోనో రాయడంలోనో ఎక్కడో మెలిక పడింది. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళుగా లోహశాస్త్రం పుస్తకాలన్నీ ఆ మెలికపడ్డ పేరునే వాడుతున్నాయి.

నేను షేక్‌పేటలో ఉంటాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక మూల చిన్న బల్ల, దానికి బిగించిన వైస్, గోడకు వేలాడే పనిముట్లు ఉన్నాయి. సెలవు రోజుల్లో అక్కడ తలుపు గొళ్ళెమో, దీపం స్టాండో, ఇత్తడి గుండీయో చేసుకుంటూ కూర్చుంటాను. మేడ ఎక్కితే ఒకవైపు గోల్కొండ కోట, ఇంకోవైపు ఫిల్మ్‌నగర్ కొండలు. ఫిల్మ్‌నగర్‌లో కత్తులు ఫైబరుతోనో అల్యూమినియంతోనో తయారవుతాయి. తెరమీద అవి ఖణేలుమని మోగే చప్పుడు తర్వాత సౌండ్ స్టూడియోలో చేరుతుంది. గోల్కొండ కత్తుల సంగతి వేరు. వజ్రాల కోసం ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే, దమస్కీ పనికి ఒప్పే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాసిపెట్టాడు. గోల్కొండ వజ్రాలంటే అందరికీ తెలుసు. గోల్కొండ ఉక్కు అంటే మాత్రం మొహాలు చూసుకుంటాం.

ఒకప్పుడు ప్రపంచం అడిగి తీసుకుపోయిన ఉక్కు ఈ నేలది. అయినా నా బల్ల మీదున్న పాత ఆకురాళ్ళ మీద షెఫీల్డ్ ముద్ర ఉంది, కొత్తవాటి మీద మహారాష్ట్ర కంపెనీల ముద్రలున్నాయి. ఉక్కు తెలిసిన చోట మంచి పనిముట్టు ఎందుకు పుట్టలేదు? పుట్టినప్పుడు ఎందుకు నిలబడలేదు? మంచి పనిముట్టును ఎలా ఎంచుకోవాలో తెలుసుకుందామని మొదలుపెడితే, దారి నేరుగా ఈ ప్రశ్నల్లోకే వెళ్ళింది.

కమ్మర్‌పల్లి మండలం, కొనసముద్రం

నిజామాబాద్ జిల్లాలో కమ్మర్‌పల్లి అని ఒక మండలం ఉంది. ఊరి పేరులోనే కమ్మరి ఉన్నాడు. ఆ మండలంలోని పల్లె కొనసముద్రం. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేతో హెన్రీ వోయ్‌సీ అనే వైద్యుడు తిరిగేవాడు. ఆయన భూగర్భ శాస్త్రవేత్త కూడా. కొనసముద్రంలో కొలుముల దగ్గర నిలబడి ఉక్కు చేసే పద్ధతి చూసి రాసుకున్నాడు. 1824లో ఆయన చనిపోయాడు. ఆ వ్యాసం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఆ పద్ధతిని నాకు అర్థమైనంతలో చెప్తాను. మామూలు నాటు కొలిమిలో ఇనుము కరగదు. మెత్తబడి, చిట్టెంతో కలిసి ముద్దగా వస్తుంది. దాన్ని సమ్మెటతో కొట్టి చిట్టెం వదిలించాలి. ఎంత కొట్టినా లోపల ఎక్కడో ఒక చార మిగిలిపోతుంది. కొనసముద్రం కమ్మరులు ఇంకో మెట్టు ఎక్కారు. ఇనుము ముక్కల్ని మట్టి మూసల్లో పెట్టి, మూతిని మట్టితో మూసి, కొలిమిలో ఉంచి దాదాపు ఒక పగలూ రాత్రీ తిత్తులు ఊదేవారు. మూసలో ఇనుము కర్బనం పీల్చుకుంటుంది. కర్బనం చేరేకొద్దీ అది కరగడానికి కావలసిన వేడి తగ్గుతుంది. చివరికి మొత్తం కరిగి, చిట్టెం పైకి తేలి, నెమ్మదిగా చల్లారితే అడుగున చిన్న బిళ్ళలా ఉక్కు మిగులుతుంది. అందులో కర్బనం ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఉంటుంది. మన కిటికీ గ్రిల్లులో ఉండే మామూలు ఇనుములో పావు శాతం కూడా ఉండదు.

వోయ్‌సీ రాసినదాంట్లో నన్ను పట్టుకున్న విషయాలు రెండు. ఒకటి, అక్కడివాళ్ళు వేర్వేరు చోట్ల దొరికే రెండు రకాల ఇనుముల్ని ఒక పాళ్ళలో కలిపేవారు. ఏ ఇనుముతో ఏ ఇనుము కలిస్తే ఎలాంటి ఉక్కు వస్తుందో వాళ్ళకు తెలుసన్నమాట. రెండోది, మూసలోంచి తీసిన బిళ్ళ మరీ కఠినంగా ఉంటుంది కాబట్టి దానికి మట్టి పూసి, మళ్ళీ మళ్ళీ గంటల తరబడి కాచి మెత్తబరిచేవారు. గట్టిదనం ఒక్కటే ఉక్కుకి గుణం కాదని వాళ్ళ చేతులకు తెలుసు. సుత్తి కింద పగిలిపోయే ఉక్కు ఎంత గట్టిదైనా ఎందుకూ పనికిరాదు.

ఆ కొలుముల దగ్గర ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి కూర్చుని ఉండటం వోయ్‌సీ చూశాడు. సరుకు తయారవుతుండగానే దగ్గరుండి చూసుకుని, తూకం వేయించుకుని, పారశీక దేశానికి తీసుకుపోవడం ఆయన పని. అంటే కొనేవాడు కొలిమి దాకా వచ్చాడు. కానీ కొన్నది ఉక్కు బిళ్ళను. దాంతో ఏం చేయాలి, అంచు ఎలా తీయాలి, పదును ఎంత పెట్టాలి అన్న సంగతులు ఇస్ఫహాన్‌లోనే ఉండిపోయాయి. ఇక్కడి కమ్మరి కూడా కొడవలి, గొడ్డలి, నాగలి కర్రు, కత్తి చేసేవాడు. దూరదేశానికి పోయిన ఉక్కు ఎలా పనిచేసిందో, ఎక్కడ విరిగిందో తిరిగొచ్చి అతనికి చెప్పేవాడు మాత్రం లేడు.

2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి పాత కొలుముల ఆనవాళ్ళను నమోదు చేశారు. అంతకుముందు నుంచే చరిత్రకారుడు ఎస్. జైకిషన్ ఆ ఊళ్ళల్లో ఈ పని చేస్తున్నారు. చెరువు గట్ల పక్కన, పొలాల మధ్య చిట్టెం దిబ్బలు, మూస పెంకులు ఇప్పటికీ కనబడతాయి.

లండన్‌లో ఒక చాకు

1790లలో బొంబాయిలో ఉన్న హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు కొన్ని ఉక్కు బిళ్ళల్ని లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు. జార్జి పియర్సన్ వాటిని పరీక్షించి 1795లో వ్యాసం రాశాడు. ఆ వ్యాసం పేరులో ఈ ఉక్కు ‘బొంబాయిలో తయారయ్యేది’ అని ఉంటుంది. ఓడ ఎక్కిన రేవు పేరే పుట్టిన ఊరి పేరయింది.

పియర్సన్ పరీక్షల కోసం ఒక బిళ్ళను కాచి, సాగదీసి, చాకు చేసిపెట్టినవాడు జేమ్స్ స్టొడార్ట్. లండన్‌లో శస్త్రచికిత్స పరికరాలు, చాకులు చేసే పనివాడు. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఈయనే. ఉక్కు గురించి సిద్ధాంతం రాయడం ఆయన పని కాదు. డాక్టరు చేతిలో కత్తి మొండిబారకూడదు, విరగకూడదు, ఆయనకు కావలసింది అంతే. చేసి చూసి, యూరపులో దొరికే మంచి ఉక్కు కన్నా ఈ హిందూదేశపు ఉక్కునే తాను ఇష్టపడతానని తన దుకాణం కార్డు మీద అచ్చు వేయించుకున్నాడు.

తర్వాత స్టొడార్ట్ ఒక కుర్ర శాస్త్రవేత్తతో కలిశాడు. అతని పేరు మైకేల్ ఫారడే. మనకు ఫారడే అంటే విద్యుత్తు గుర్తొస్తుంది. కానీ ఆయన తండ్రి కమ్మరి. కొలిమి చప్పుడు ఫారడేకి కొత్త కాదు. 1819లో ఫారడే వూట్జ్‌ను విశ్లేషించి వ్యాసం రాశాడు. అందులో అల్యూమినియం ఉండటమే దాని గొప్పతనానికి కారణమనుకున్నాడు. ఆ ఊహ తప్పు, అసలు కిటుకు కర్బనంలో ఉంది. అయితే ఆ ఊహ వెంట పడి స్టొడార్ట్, ఫారడే ఇద్దరూ ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశారు. మిశ్రమ ఉక్కుల మీద పద్ధతి ప్రకారం జరిగిన తొలి పరిశోధనల్లో అది ఒకటి.

ఇంగ్లండులో దీనికి ముందే ఇంకో ముడి పడింది. డాంకాస్టర్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఉండేవాడు. గడియారం స్ప్రింగులకు దొరికే ఉక్కు నచ్చక, 1740 ప్రాంతంలో షెఫీల్డ్ దగ్గరికి మారి, మూసలో ఉక్కు కరిగించే తన సొంత పద్ధతి కనిపెట్టాడు. ఆ ఉక్కు మరీ గట్టిగా ఉందని షెఫీల్డ్ చాకుల పనివాళ్ళు మొదట ముట్టుకోలేదు. ఆయన ఫ్రాన్స్‌కు అమ్ముకున్నాడు. ఫ్రెంచి చాకులు తమ చాకుల్ని మించిపోతుంటే అప్పుడు షెఫీల్డ్‌ కళ్ళు తెరుచుకున్నాయి. కొనసముద్రం బిళ్ళకూ హంట్స్‌మన్ ఉక్కుకూ ఉన్న చిక్కు ఒకటే, అతి కాఠిన్యం. తేడా మనుషులున్న చోటులో ఉంది. షెఫీల్డ్‌లో ఉక్కు చేసేవాడు, చాకు చేసేవాడు, ఆకురాయి చేసేవాడు ఒకే ఊళ్ళో ఉన్నారు. వీడి తప్పు వాడికి ఆ వారంలోనే తెలిసిపోయేది.

ఇంతవరకు ఈ కథలో వచ్చిన పేర్లు చూడండి. స్కాట్, బ్యాంక్స్, పియర్సన్, స్టొడార్ట్, ఫారడే, హంట్స్‌మన్, వోయ్‌సీ. కొలిమి ముందు కూర్చున్న మనవాడికి మాత్రం కులం పేరు తప్ప ఇంకో పేరు లేదు.

1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కు టన్నుల్లెక్కన కారుచౌకగా పోయడం మొదలైంది. మూసలో ఒక్కో బిళ్ళ చేసుకునే కొలిమి ఆ పోటీకి ఆగలేదు. కత్తుల గిరాకీ పడిపోయింది, బొగ్గుకు అడవి దొరకడం కష్టమైంది. మన సంతల్లోకి విదేశీ ఉక్కు కడ్డీలు, దాని వెనక విదేశీ పనిముట్లు వచ్చాయి.

ఆకురాయి పండ్లు

ఇక ఆకురాయి సంగతి. ఇంట్లో లోహపు పని మొదలుపెట్టేవాళ్ళు ముందు డ్రిల్లు, గ్రైండరు కొంటారు. నన్నడిగితే ముందు కొనాల్సింది ఆకురాయి. ఐ.టి.ఐ.లో ఫిట్టర్ కుర్రాడికి మొదటి వారాల్లో నేర్పేది ఇదే. ఒక ఇనుప ముక్కను చేత్తో అరగదీసి చదునుగా, మూలమట్టానికి సరిగ్గా తేవాలి. విన్నప్పుడు తేలికే అనిపిస్తుంది. చేతులు ఊగితే ముక్క మధ్యలో ఉబ్బుతుంది, అంచులు జారిపోతాయి.

ఆకురాయి మీద పండ్లు ఒకప్పుడు చేత్తోనే కోసేవారు. షెఫీల్డ్‌లో పనివాడు మెత్తగా కాచిన ఉక్కు పలకను సీసపు దిమ్మె మీద పెట్టి, ఉలితో, సుత్తితో ఒక్కో గాటూ కొట్టుకుంటూ పోయేవాడు. ఒక్క ఆకురాయికి వందల దెబ్బలు. ఆ తర్వాత దాన్ని ఎర్రగా కాచి ఉప్పునీళ్ళలో ముంచితే గట్టిపడేది. సీసం మీద వంగి పనిచేసి చాలామంది సీసపు విషంతో చేతులు పడిపోయి చనిపోయారు. 1864లో విలియం నికల్సన్ అమెరికాలోని ప్రావిడెన్స్‌లో పండ్లు కోసే యంత్రానికి పేటెంటు తీసుకుని కంపెనీ పెట్టాక చేతిపని మెల్లగా పక్కకు జరిగింది. ఇప్పుడు ప్రపంచంలో అత్యధికంగా ఆకురాళ్ళు చేసే కంపెనీల్లో ఒకటి మన దేశంలోనే ఉంది. జె.కె. ఫైల్స్ వారి రత్నగిరి ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి రాణీగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి. కాబట్టి దేశీ విదేశీ అని చూసి ఎంచుకునే కాలం ఎప్పుడో పోయింది. వస్తువునే చూడాలి.

కొనేటప్పుడు నేను చూసేవి ఇవి. ఆకురాయిని కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూస్తే వంకర ఉండకూడదు. వెలుతురుకు అటూ ఇటూ తిప్పితే పండ్లన్నీ ఒకేలా మెరవాలి. పండ్ల కొనలు తెల్లగా మెరుస్తుంటే అవి అప్పటికే అరిగాయని అర్థం. కొన్ని కొత్తవి కూడా షాపులో ఒకదానిమీద ఒకటి పడేసి ఉంచడం వల్ల అలా అవుతాయి. దారానికి కట్టి వేలాడదీసి గోరుతో తడితే గంటలా మోగాలి. చప్పగా మోగితే ఎక్కడో పగులుంది. పెద్ద పనికి పన్నెండంగుళాల బాస్టర్డ్, మధ్యస్థానికి సెకండ్ కట్, చివరి నునుపుకు స్మూత్. ఒక అంచున పండ్లు లేనిదైతే ఇంకా మంచిది, మూలలో పని చేసేటప్పుడు పక్క గోడను కొరకదు. పిడి లేకుండా మాత్రం ఎప్పుడూ వాడొద్దు. తోక కొన సూటిగా అరచేతిలో దిగుతుంది.

వాడే పద్ధతి నాకు బాలానగర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా ఫిట్టర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన చెప్పాడు. ఎర్రగడ్డ సంతలో పరిచయం. కొత్త ఆకురాయి కొని సంబరంగా చూపిస్తే ఆయన అన్నమాట: “కొత్తదని మురవకు తమ్మీ. ముందుగాల ఇత్తడి మీద నడిపియ్యి, పండ్లు కుదురుకుంటయ్. అటెనక ఇనుము మీదికి దిగు. ముందుకు నూకేటప్పుడే బరువెయ్యి, ఎనకకొచ్చేటప్పుడు లేపు. ఎనకకు గీకితే పండ్లు పోతయ్.” సుద్దముక్క రుద్ది వాడితే రజను పండ్ల మధ్య ఇరుక్కోదని కూడా ఆయనే చెప్పాడు. “మరి అరిగిపోయినంక పారెయ్యాల్నా కాకా?” అంటే నవ్వాడు. “ఎందుకు పారేస్తవ్? గసుంటి ఉక్కు యాడ దొరుకుతది? కత్తి చేస్కో, ఉలి చేస్కో.” మంచి ఆకురాయిలో కర్బనం ఒక శాతానికి పైనే ఉంటుంది. మూస ఉక్కులో ఉన్నదీ దాదాపు అంతే. పల్లెల్లో కమ్మరులు అరిగిన ఆకురాళ్ళను కాచి కత్తులు కొట్టడం వెనకున్న లెక్క ఇదే.

ప్రాగా

కవాడిగూడలో ఒక ఫ్యాక్టరీ ఉండేది. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1943లో, నిజాం రాజ్యంలో ప్రాగా టూల్స్ కార్పొరేషన్ మొదలైంది. డ్రిల్ చక్‌లు, లేత్ చక్‌లు, మెషిన్ వైస్‌లు, గ్రైండింగ్ యంత్రాలు చేసేది. వందేళ్ళు బయటి పనిముట్లు కొనుక్కున్న తెలుగు నేల మీద పనిముట్లు చేసే పనిముట్లు తయారయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం దీనిలో పెద్ద వాటాదారులయ్యాయి.

లా చదివిన మిత్రులకు ప్రాగా పేరు ఇంకోలా తెలుసు. 1963లో యాజమాన్యం ఒక యూనియన్‌తో కొందరు కార్మికుల్ని తీసేయడానికి వీలిచ్చే ఒప్పందం చేసుకుంది. దాన్ని కార్మికులు కోర్టులో సవాలు చేశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1969 తీర్పులో కోర్టు చెప్పిందేమిటంటే, కేంద్రానికి 56 శాతం, రాష్ట్రానికి 32 శాతం వాటా ఉన్నా ఇది కంపెనీల చట్టం కింద పుట్టిన కంపెనీయే కాబట్టి దీని మీద ఆ రిట్ నడవదు అని. దేశమంతటా లా విద్యార్థులు ఇప్పటికీ ఈ కేసు చదువుతారు. ప్రాగా చక్ పట్టుకుని చూసినవాళ్ళ కన్నా ప్రాగా కేసు చదివినవాళ్ళే ఎక్కువమంది ఉంటారేమో.

1960లు హైదరాబాదుకు యంత్రాల దశాబ్దం. బి.హెచ్.ఇ.ఎల్., హెచ్.ఎం.టి., ఇ.సి.ఐ.ఎల్. వచ్చాయి. బాలానగర్, సనత్‌నగర్‌లలో వాటికి విడిభాగాలు చేసే చిన్న షెడ్లు వందలుగా మొలిచాయి. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. ఒక షెడ్డులో డై, పక్క షెడ్డులో హీట్ ట్రీట్‌మెంట్, ఎదురు సందులో గ్రైండింగ్. షెఫీల్డ్‌లో ఉన్న ఆ ఇరుగుపొరుగుతనం కొన్నాళ్ళు ఇక్కడా ఉంది. మా కాకా లాంటి ఫిట్టర్లు అందులో తయారైనవాళ్ళే.

తర్వాత కథ తెలిసిందే. ప్రాగా నష్టాల్లో కూరుకుని హెచ్.ఎం.టి. గొడుగు కిందికి వెళ్ళింది. హెచ్.ఎం.టి. కూడా కుంగింది. నగరం సాఫ్ట్‌వేర్ వైపు తిరిగింది, ఫ్యాక్టరీ స్థలాలకు ఫ్యాక్టరీ కన్నా ఎక్కువ విలువ వచ్చింది. బాలానగర్ షెడ్లు ఇంకా నడుస్తున్నాయి. కానీ కొలతలో తేడాను వేలి కొసతో పట్టే మనుషులు ఏటేటా రిటైరవుతున్నారు.

సంతలో ఎంపిక

మూతపడిన షెడ్ల సామాను, రిటైరైన మనుషుల పెట్టెలు చివరికి సంతకు చేరతాయి. ఆదివారం ఎర్రగడ్డ, గురువారం పాతబస్తీ జుమ్మేరాత్ బజార్. పాత టీవీలు, చెప్పులు, నల్లా సామాను మధ్య గోనెపట్టా మీద పనిముట్లు పరిచి ఉంటాయి. కొత్తవి కావాలంటే రాణీగంజ్. ఎక్కడైనా చూసుకోవలసినవి ఒకటే.

వైస్ కొనేటప్పుడు రంగు చూడకండి. సన్నటి కాగితపు ముక్కలు రెండు తీసుకుని దవడల రెండు చివరలా పెట్టి బిగించండి. రెండూ గట్టిగా పట్టుకుంటే దవడలు సమంగా కలుస్తున్నట్టు. ఒకటి జారి వస్తే ఆ వైస్ ఏ పనినీ సూటిగా పట్టదు. దవడ పలకలు మార్చుకునేలా మరలతో బిగించి ఉండాలి. పోత ఇనుముదైతే దాని మీద సుత్తితో కొట్టొద్దు, పగులుతుంది.

ట్రై స్క్వేర్‌ను పరీక్షించడానికి ఇంకో పరికరం అక్కర్లేదు. సూటి అంచున్న పలకకు ఆనించి ఒక గీత గీయండి. స్క్వేర్‌ను బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే అది నిజంగా తొంభై డిగ్రీలు. పడకపోతే, గీతల మధ్య తేడాలో సగం దాని అబద్ధం. అబద్ధాన్ని తనతోనే పోల్చి పట్టుకోవడం ఈ విద్యలో పాత సూత్రం. 1840లో జోసెఫ్ విట్‌వర్త్, మూడు పలకల్ని ఒకదానితో ఒకటి మార్చి మార్చి సరిచూసుకుంటూ గీకితే నిజమైన చదును వస్తుందని వివరించాడు. రెండు పలకలైతే ఒకటి ఉబ్బి, ఇంకోటి గుంటపడి కూడా చక్కగా అతుక్కుంటాయి. మూడోది వచ్చాక ఆ మోసం సాగదు.

హాక్సా ఫ్రేము బరువుగా, బ్లేడు బిగిస్తే వంగకుండా ఉండాలి. బ్లేడు పండ్లు ముందుకు చూడాలి. ఎప్పుడూ కనీసం మూడు పండ్లు లోహం మీద ఉండేలా బ్లేడు ఎంచుకోవాలి. మందమైన కడ్డీకి అంగుళానికి 18 పండ్లు చాలు. సన్నని రేకుకు 32 కావాలి, లేకపోతే పండ్లు రాలిపోతాయి. ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆ అంచులు అరగదీశాకే వాడాలి, దెబ్బకు ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. ఉలికి నోరు గట్టిగా, తల మెత్తగా ఉండటమే సరి. ఒకే ఉక్కు ముక్కలో రెండు గుణాలు. కొనసముద్రం బిళ్ళను మళ్ళీ మళ్ళీ కాచినవాడు వెతికింది ఈ సమతూకమే. సుత్తికి పిడి చెక్కలోని రేఖలు పొడవునా పారాలి, అడ్డంగా పారితే ఒక రోజు తల ఊడి ఎగురుతుంది.

పెద్ద కంపెనీ ముద్ర చూసి కొనడం తేలిక. ఆ ముద్రకు నకిలీ కొట్టడం అంతకన్నా తేలిక. కాగితం ముక్క, గీత, గోటి దెబ్బ మాత్రం ఏ ముద్రకూ లొంగవు. వీటికి పెద్దగా ఖర్చు కూడా లేదు. జూబ్లీహిల్స్ కేఫ్‌లో ఇద్దరు కాఫీ తాగే డబ్బుతో పదేళ్ళు పనికొచ్చే ఆకురాయి వస్తుంది.

పెట్టెలోని పేర్లు

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పనిరానివాడు పనిముట్టును తిడతాడని మన సామెత. ఇందులో సగం నిజమే ఉంది. ఓడు మద్దెలను ఓడు అని గుర్తుపట్టడం కూడా పని తెలిసినవాడి వల్లే అవుతుంది. దసరా నాడు పనిముట్లకు కుంకుమ పెట్టి దండం పెడతాం. మర్నాటి నుంచి వాటిని పట్టుకున్నవాడిని మాత్రం ‘చేతిపనివాడు’ అంటాం. ఇంజనీరింగ్ సీటు రాకపోతే ఐ.టి.ఐ. అంటాం. ఉక్కు పోయింది, కొలిమి పోయింది, ఫ్యాక్టరీ పోయింది అని బాధపడటానికి మనకు కావలసినంత చరిత్ర ఉంది. నాకు వాటికన్నా ఎక్కువ బాధగా అనిపించేది, మంచిదేదో చెడ్డదేదో చెప్పగల చూపును మనం ఎప్పుడూ చదువుగా లెక్కపెట్టలేదన్న సంగతి. వ్యాపారి కొలిమి దాకా వచ్చి ఉక్కు కొన్నాడు, కమ్మరికి తెలిసింది ఎవరూ కమ్మరిని అడిగి రాసుకోలేదు. బాలానగర్ ఫిట్టర్లకు తెలిసింది కూడా రేపు అలాగే పోతుంది. ఇప్పుడైతే రాసుకోవడానికి మన దగ్గర భాష ఉంది, ఫోనులో కెమెరా ఉంది, చెప్పడానికి మనుషులు ఇంకా మిగిలి ఉన్నారు.

సంతలో పాత పనిముట్టు ఏది తీసినా నేను ముందు దాన్ని తిప్పి వెనకవైపు చూస్తాను. షెడ్డులో పక్కవాడి సామానుతో కలిసిపోకుండా ఫిట్టర్లు సెంటర్ పంచ్‌తో చుక్కచుక్కగా తమ పొడి అక్షరాలు కొట్టుకునేవారు. నా దగ్గరున్న ఒక ట్రై స్క్వేర్ మీద అలాంటి అక్షరాలు రెండు ఉన్నాయి, తెలుగులో. తిప్పి గీసి చూశాను. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి.